తాడక్క లెక్కపెట్టిన మూడు నూర్లు

పొద్దున లేవగానే, ఇంకా మొహమైనా కడుక్కోకుండా, తాడక్క తాడు తడుముతుంది. గుమ్మంలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని, పది బారల తాడునీ మూర మూరగా వేళ్ళ మధ్యనుంచి పోనిస్తుంది. ఎక్కడ పోగు లేచినా, ఎక్కడ తడి మిగిలినా వేలు అక్కడే ఆగుతుంది. "పొద్దున్నే పాముని ఆడించడం మొదలెట్టింది" అని పక్కవాటా ఆవిడ వినబడేట్టే అంటుంది. తాడక్క కళ్ళు తెరవదు. తెరిచి చూస్తే, తాడు ఎంత బాగుండాలని కోరుకుంటే అంత బాగున్నట్టు కనబడుతుందని ఆమె అభిప్రాయం.

అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఆమెకీ ఉంది. మిల్లు హాజరు పట్టీలో తప్ప దాన్ని ఎవరూ వాడరు.

ఆ మిల్లులో కాగితం తయారవుతుంది. గుజ్జు నిలవ చేసే ట్యాంకులు నేలలోపల ఉంటాయి. రెండు నిలువుల లోతు. పైన, మనిషి భుజాలు ఒరుసుకుంటూ పట్టేంత రంధ్రం, దానిమీద ఇనుప మూత. లోపల గోడకు దిగేందుకు ఇనుప మెట్లు. ట్యాంకు ఖాళీ చేసినా అడుగున మోకాలి లోతు గుజ్జు మిగిలి కుళ్ళుతుంది. దాన్ని కాలితో కదిపితే విషవాయువు లేస్తుంది. మొదట కుళ్ళిన గుడ్ల కంపు. కంపు కొడుతున్నంతసేపూ పనివాళ్ళు బూతులు తిట్టుకుంటూ నిశ్చింతగానే ఉంటారు. ఉన్నట్టుండి కంపు తెలియడం మానేసిందంటే ముక్కు చచ్చిపోయిందని లెక్క. ముక్కు తర్వాత మనిషి వంతు. దానికి ఎక్కువసేపు పట్టదు.

అందుకని లోపలికి దిగేవాడి నడుం పట్టీకి తాడు కడతారు. రెండో కొస పైన ఒకరి చేతిలో ఉంటుంది. పైనున్నవాళ్ళు మనసులో నూరు లెక్కపెట్టి ఒకసారి గుంజాలి. లోపలివాడు తిరిగి ఒకసారి గుంజాలి. ఉన్నావా అంటే ఉన్నానని. అతను మూడుసార్లు గుంజితే పైకి లాగెయ్యమని. అంతకుమించి ఆ తాడుతో మాట్లాడుకునేదేమీ ఉండదు.

ఈ పని తాడక్కకు తండ్రి నేర్పాడు. ఆయన కాలంలో ఒకడు ట్యాంకులో పడిపోతే, కాపాడతామని ఇద్దరు ఒకరి వెనక ఒకరు దిగారు. సాయంత్రానికి ముగ్గురినీ వరసగా పడుకోబెట్టారు. మిల్లులో ఇప్పటికీ ఆ ఇద్దరినీ వీరులని చెప్పుకుంటారు. టైమాఫీసు గోడమీద వాళ్ళ ఫొటోలు ఉన్నాయి. మొదటివాడి ఫొటో లేదు. ఆ రోజు పైన తాడు పట్టుకున్నది తాడక్క తండ్రే. "మొదటివాణ్ణి గాలి చంపింది. మిగతా ఇద్దర్నీ నేను చంపాను. ఆ రంధ్రం మీద అడ్డంగా పడుకోవాల్సింది, పడుకోలేదు" అని, కూతురికి ముడి వెయ్యడం నేర్పుతూ చెప్పాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆమె పెళ్ళాడినవాడు ట్యాంకులు కడిగే ముఠాకి మేస్త్రి. వాళ్ళకి పిల్లలు లేరు, పోట్లాడుకునేటప్పుడు మధ్యలోకి వచ్చేవాళ్ళు లేరు. పాతికేళ్ళు నిరాటంకంగా పోట్లాడుకున్నారు. ఒకే ఇంట్లో అత్తగారు, మరిది, తోడికోడలు. అందరూ మేస్త్రి పక్షమే. తాడక్క పక్షాన తాడక్క ఒక్కతే, అదీ ఒక్కోసారి.

అలిగితే ఎవరైనా తిండి మానేస్తారు. మేస్త్రి మాత్రం ట్యాంకులోకి దిగాక అలిగేవాడు. ఇంట్లో మాటకి మాట పెరిగిన రోజున, పైనుంచి ఆమె తాడు గుంజితే అతను బదులు గుంజేవాడు కాదు. ఆమె రెండో నూరు లెక్కపెట్టి మళ్ళీ గుంజేది. అప్పటికీ పలకడు.  ఆమె వంగి పేరుపెట్టి అరిచేది. అప్పుడు లోపలినుంచి తాపీగా, "ఏమే, చచ్చాననుకున్నావా? ఇంకా చావలేదులే, నీకంత అదృష్టం కూడానా" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. మొగుడూ పెళ్ళాల సరసం అనుకునేవాళ్ళు. ఇంకో తాడు మనిషైతే ఆఫీసుకు వెళ్ళి చెప్పేది. మొగుడి మీద ఏమని చెప్తుంది?

ఎనిమిదేళ్ళ కిందట ఒక రోజు, మిల్లుకు నడుస్తుండగా మేస్త్రి ముందు నడుస్తూనే, వెనక్కి తిరగకుండా చెప్పాడు.

"వచ్చే నెలనించి తాడు మా తమ్ముడి పెళ్ళాం పట్టుకుంటుంది. నువ్వు ఇంట్లో ఉండి అమ్మని చూసుకో."

"ఎవరు చెప్పారు?"

"నేను చెప్తున్నాగా."

"దానికి చెప్పుల తాడు కట్టుకోవడం చేతకాదు."

"నేర్చుకుంటుంది. నువ్వు పుట్టడం పుట్టడమే ముడి వేసుకుని పుట్టావా?"

"నా చేతిలో తాడు నా బాబు ఇచ్చింది. నువ్వు తీసుకోడానికి నువ్వెవడివి?"

మిల్లు గేటు దాటేదాకా ఆ గొడవ సాగింది. మరిది మధ్యలో, "పోనీలే వదినా, సుఖంగా ఇంట్లో కూర్చోక" అన్నాడు. "మీ అమ్మ పక్కన కూర్చోవడం సుఖమైతే నువ్వే కూర్చోరా" అని తాడక్క అంది. ముఠా అంతా విన్నారు. ఆమెకి ఉన్నదల్లా ఆ తాడే. ఇంట్లో ఆమెది పొయ్యి దగ్గర చోటు, అదీ తోడికోడలు వదిలిపెట్టినప్పుడు. ట్యాంకు మూత దగ్గర మాత్రం, పొమ్మన్నా రమ్మన్నా ఆమె మాటే. అది పోతే ఆమె ఆ ఇంట్లో ఒక వస్తువు.

ఆ రోజు అరగంట గాలి కొట్టాక బ్లోయరుని పక్క ట్యాంకు దగ్గరికి మార్చారు. మనిషి లోపలున్నంతసేపూ గాలి కొడుతూనే ఉండాలని కాగితం మీద ఉంది. కాని ఉన్నది ఒక్క బ్లోయరు, కడగాల్సినవి రెండు ట్యాంకులు. అందరికీ అలవాటైపోయిన తప్పు అది. బ్లోయరు నడిపే ముసలాయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఆయన కూడా ఏమీ అనలేదు. తాడక్క భర్త నడుం పట్టీకి తాడు కట్టింది. కడుతున్నంతసేపూ ఇద్దరూ చెరో వైపు చూశారు.

"మాటిమాటికీ గుంజి విసిగించకు" అన్నాడు మేస్త్రి, దిగుతూ.

మొదటి నూరుకి ఆమె గుంజింది. బదులు రాలేదు.

మొదలెట్టాడు, అనుకుంది.

రెండో నూరుకి గుంజింది. బదులు రాలేదు. ఈసారి నేను పిలవను, చచ్చినా పిలవను, నలుగురిలో నవ్వులపాలయ్యేది నేనెందుకు, అనుకుంది. పళ్ళు బిగించి మూడో నూరు మొదలుపెట్టింది. ఆ నూరు ఆమె ఎంత నెమ్మదిగా లెక్కపెట్టిందంటే, ఒక్కో అంకెకీ భర్త మీద ఒక్కో పాత తగాదా గుర్తు తెచ్చుకుంది. ఎనభై దాటాక వేళ్ళకి ఏదో తేడా తెలిసింది. లోపల మనిషి ఎంత అలిగినా, వంగుతాడు, లేస్తాడు, పార తిప్పుతాడు. తాడు ఊపిరి పీలుస్తున్నట్టు సన్నగా కదులుతూనే ఉంటుంది. ఇది కదలడం లేదు. అసలు మొదటి నూరునించీ కదలలేదేమో. ఆమె గట్టిగా లాగింది. స్తంభానికి కట్టేసినట్టు బిగిసింది తప్ప, ఒక మనిషి బరువు దానికి లేదు.

ఆమె కేకకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. టార్చి వేసి చూస్తే, మేస్త్రి గోడకి జారిగిలబడి, గుజ్జులో రొమ్ముదాకా మునిగి, తల వేలాడేసి ఉన్నాడు. తాడు అతని నడుముకి లేదు. కిందనించి మూడో మెట్టుకి కట్టి ఉంది. విసుక్కుని విప్పేసి, గుంజుకుంటే ఆ మెట్టునే గుంజుకో అని కట్టాడన్నమాట.

మరిది అప్పటికే చొక్కా విప్పేసి ఒక కాలు లోపల పెట్టాడు. తాడక్క అతని జుట్టు పట్టుకుని వెనక్కి ఈడ్చింది. చేతిలో తాడు లోపలికి జారిపోతున్నా చూడక, రంధ్రం మీద అడ్డంగా పడుకుంది.

"లే వదినా!"

"దిగవు."

"లేస్తావా, తన్నమంటావా? మా అన్నే లోపలున్నది!"

"నా మొగుడే లోపలున్నది. దిగవు."

"చావాలనేగా నీకు! పొద్దున్నించీ అదేగా కోరుకుంటున్నావు! చావనిస్తావా ఏం?"

"అవును, చావనీ! వాడు చస్తే ఒకడే చస్తాడు. నువ్వు మాత్రం దిగవు!"

ఆ మాట ఇరవైమంది విన్నారు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళుగా ఆ ఇరవైమందీ ఊరందరికీ చెప్పిన మాట అదే, అందులోనూ మొదటి రెండు ముక్కలే.

మరిది ఆమె భుజం మీంచి చెయ్యి జొనిపి మెట్టు పట్టుకోబోయాడు. మూత లేపే ఇనుప కడ్డీ ఆమె చేతికి అందింది. ఆ చేతిమీద కొట్టింది. చూపుడువేలు చిట్లిన చప్పుడు పక్కనున్నవాళ్ళకి వినిపించింది. మరిది చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. ఎవరో "ఇది ఆడదా!" అన్నారు.

"బాబాయ్, బ్లోయరు!" అని తాడక్క అరిచింది. "గొట్టం లోపలికి తోయండి. నోరు తర్వాత పారేసుకుందురుగాని."

గాలి గొట్టం లోపలికి దింపారు. గుజ్జు గడ్డలు పగలగొట్టే కొక్కెం గడ తెచ్చారు. కొస వంకర తిరిగిన ఇనుప కొక్కెం, దానికి రెండు నిలువుల పొడవున్న గడ. తాడక్క బోర్లా పడుకుని, తల మాత్రం రంధ్రం పక్కకి పెట్టి, గడని కిందికి వదిలింది. నడుం పట్టీ వెనకవైపు ఉండే ఇనుప రింగుకి కొక్కెం తగిలించాలి. మొదటిసారి జారింది. రెండోసారి గుజ్జులో దిగబడింది. మూడోసారి పట్టీకి అందలేదు, అతని ఎడమ చంక కిందనించి భుజంలోకి దిగింది. ఆమెకి ఆ సంగతి గడలోంచే తెలిసింది. అవతల మాంసం ఉందని, దాని వెనక ఎముక ఉందని, ఎముకకి కొక్కెం పట్టిందని. తీసి మళ్ళీ ప్రయత్నించేందుకు టైం లేదు.

"లాగండి" అంది.

"అమ్మాయ్, అది పట్టీకి కాదు, ఒంటికి..." అన్నాడు బాబాయ్.

"నాకు తెలుసు. లాగండి."

నలుగురు లాగారు. మేస్త్రి చేప వచ్చినట్టు వచ్చాడు, రక్తం, గుజ్జు కారుతూ. బాబాయ్ రొమ్ము నొక్కాడు. నొక్కగా నొక్కగా మేస్త్రి ఒకసారి కక్కుకుని ఊపిరి తీశాడు. మరిది ఏడుస్తూ వదిన వైపు చూసి, "చూశావా, బతికాడు! నువ్వు చంపాలనుకున్నా బతికాడు!" అన్నాడు. తాడక్క గడని గోడకి ఆనించి, అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. ఆమెకి ఎవరూ మంచినీళ్ళివ్వలేదు.

మిల్లువాళ్ళు ఆ ట్యాంకు మూత వేసి సీలు పెట్టారు. విచారణ ఎనిమిదో రోజున అన్నారు. ఆ సాయంత్రం గుమస్తా, ఎన్ని నూర్లకి కేక వేశావని అడిగితే, ఆమె "ఒకటి" అని రాయించింది.

విచారణకి ముందురోజు ఆసుపత్రి గదిలో అత్తగారు, మరిది మంచం చుట్టూ ఉన్నారు. మేస్త్రి ఎడమ భుజం కట్లతో లావుగా ఉంది. తాడక్క లోపలికి రాగానే అందరూ మాట ఆపేశారు. తర్వాత అత్తగారే మొదలెట్టింది.

"రేపు నీ ముడి జారిందని చెప్పు."

"నా ముడి జారలేదు."

"జారలేదని మాకూ తెలుసే. లోపల తాడు విప్పినవాణ్ణి పనిలోంచి తీసేస్తారట. వాడి మేస్త్రి పని పోతే ఇల్లెలా గడుస్తుంది? నువ్వు ఎలాగూ మానేస్తున్నదానివే కదా. పోయేదానికి పేరుంటే ఎంత, లేకపోతే ఎంత?"

"మానేస్తున్నానని నేనెప్పుడన్నాను?"

మేస్త్రి పైకప్పు చూస్తూ అన్నాడు, "నన్ను పందిని పొడిచినట్టు పొడిచావు. ఈ ఒక్క సాయం చెయ్యి."

"పొడవకపోతే ఈ పాటికి నీ ఫొటోకి దండ వేసేవాళ్ళు" అంది తాడక్క. వెంటనే, మొదటివాళ్ళ ఫొటోలు గోడకి పెట్టరని గుర్తొచ్చి ఊరుకుంది.

విచారణ చేసిన ఆఫీసరు కళ్ళజోడు మాటిమాటికీ తుడుచుకునే మనిషి. మేస్త్రి కుర్చీలో కూర్చుని, ముడి జారిందని చెప్పాడు. మరిది, వేలికి చెక్క కట్టుతో, ముడి జారడం తన కళ్ళారా చూశానన్నాడు. ఆ ఇరవైమందిలో పిలిచిన ముగ్గురూ, ఆవిడ చావనీ అందని చెప్పారు. ముడి సంగతి మేం చూడలేదన్నారు. బాబాయ్ కూడా చూడలేదన్నాడు. ఆయన బ్లోయరు సంగతి ఎక్కడ అడుగుతారోనని భయపడుతున్నాడు.

"నువ్వేమంటావమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ట్యాంకు మూత తీయించండి. తాడు ఇంకా మెట్టుకే ఉంది."

 ఎనిమిది రోజులుగా ఏం చెప్పాలా అని తల బద్దలుకొట్టుకున్నవాళ్ళలో ఒక్కరికీ ఆ తాడు అక్కడే ఉండిపోయిందని తట్టలేదు. ఆఫీసరు లేచాడు. అందరూ వెనకే నడిచారు. సీలు విప్పి, మూత లేపి, టార్చి వేశారు. కిందనించి మూడో మెట్టుకి తాడు రెండు చుట్లు తిప్పి కట్టి ఉంది.

ఆఫీసరు మరిది వైపు చూశాడు. మరిది తన వేలు చూసుకున్నాడు.

అక్కడితో ఆగితే తాడక్క గెలిచినట్టే. ఆఫీసరు కాగితాలు మడవబోతూ మాటవరసకి, "బదులు రాకపోయిన వెంటనే కేక వేశావు కదా, ఒక నూరుకే?" అన్నాడు. ఆమె అవునంటే చాలు. ఎవరూ కాదనలేరు. ఆ లెక్క ఆమె మనసులో తప్ప ఇంకెక్కడా లేదు.

"కాదు. మూడు నూర్లకి" అంది.

"ఒకటని రాయించావు?"

"అబద్ధం రాయించాను."

"మూడు నూర్లంటే ఐదు నిమిషాలు! ఎందుకు పిలవలేదు?"

"కోపంతో."

"అతని మీదా?"

"అవును. ఇతను కోపమొచ్చినప్పుడల్లా పలికేవాడు కాదు. ఆ రోజు నాకూ కోపమొచ్చి పిలవలేదు. లోపలున్నవాడు అలిగాడో పోయాడో తాడుని బట్టి తెలుస్తుంది. నేను తాడు వినలేదు. లెక్కపెడుతూ కూర్చున్నాను."

మేస్త్రి మొదటిసారి భార్య మొహంలోకి చూశాడు. "చూశారా సార్! నేను చెప్పలా! ఇది నన్ను చావనిచ్చేదే!" అన్నాడు. ఆ గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు.

మేస్త్రిని ముఠాలోంచి తీసి గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ పాసులు చూసే పనిలో వేశారు. తాడక్కకి ఏడాదిపాటు తాడు ముట్టుకోకూడదని శిక్ష. ఆ ఏడాదీ ఆమె ప్యాకింగు షెడ్డులో కాగితం తుక్కు ఊడ్చింది. విచారణ ముగిసిన సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆమె బట్టలు మూటగట్టి గుమ్మం బయట పెట్టి ఉన్నాయి. ఆమె మూట విప్పి అన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, ఒక దువ్వెన తక్కువైందని అడిగి తీసుకుని, వెళ్ళిపోయింది.

తాడు తోడికోడలి చేతికి వెళ్ళింది. దిగేవాళ్ళలో మరిది ఒకడు. మిల్లువాళ్ళు రెండో బ్లోయరు కొన్నారు.

ఏడాది పూర్తయ్యే ముందు ఒక ఆదివారం మరిది ఆమె వెళ్ళి చేరిన గది ముందుకొచ్చి నిలబడ్డాడు. చూపుడువేలు వంకరగా అతుక్కుంది.

"ఏం, రెండో వేలు కూడా తెచ్చావా?" అంది తాడక్క, లోపలికి రమ్మనకుండా.

"ఆఫీసులో అడుగుతారు. తాడుకి వస్తానని చెప్పు వదినా."

"నీ పెళ్ళాం ఉందిగా. బంగారంలా పట్టుకుంటుందని మీ అమ్మ ఊరంతా చెప్తోంది."

"పట్టుకుంటుంది. కాని..." మరిది గుమ్మం రాయిని కాలితో తన్నాడు. "మొన్న ఒకడు లోపల తూలాడు. నేను దిగుతానన్నాను. అది పక్కకి తప్పుకుని దారిచ్చింది. ఏడుస్తూ ఇచ్చింది, ఇచ్చింది కదా. వాడు వాడంతట వాడే లేచి మెట్లెక్కాడు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

తాడక్క గుమ్మంలో కూర్చుంది.

"నువ్వంటే నాకు ఇష్టమని రాలేదు" అన్నాడు మరిది. "మా అన్నకి చెయ్యి లేవకుండా చేశావు. ఆ మాట మర్చిపోను."

"మర్చిపోమని నేనడిగానా?"

"వస్తావా, రావా?"

"నేను పట్టుకున్నప్పుడు నూరుకి పలకకపోతే, నువ్వు తుమ్ముతున్నా సరే, లాగేస్తాను. మెట్టుకి కడితే మళ్ళీ జన్మలో నీ తాడు ముట్టను. మీ అన్నకి కూడా చెప్పు, గేటు దగ్గర నన్ను చూసి ఉమ్మెయ్యడం మానమని."

"మానడు."

"సరే. మానకపోతే మానె."

తాడక్కకి ఇప్పుడు యాభై ఆరేళ్ళు. మరిదికీ, ముఠాలో మిగతావాళ్ళకీ ఆమే తాడు పడుతుంది. భోజనాల దగ్గర ఆమె పక్కన ఎవరూ కూర్చోరు. మిల్లు వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉంటోంది. ఆమె భర్త రెండు వీధుల అవతల తమ్ముడింట్లో ఉంటాడు, పొద్దున ఆరుకల్లా గేటు దగ్గర డ్యూటీలో ఉంటాడు, ఆమె పాసు చూడనిదే లోపలికి పంపడు.